పడవెక్కిన పుస్తకాలు, వినేవారి అధికారం

కొన్ని నెలల క్రితం మా ఊరి గ్రంథాలయ సంఘానికి ఒక ఫారం వచ్చింది. పల్లె గ్రంథాలయాలకు పుస్తకాలూ బీరువాలూ సమకూర్చే ఒక స్వచ్ఛంద సంస్థ పంపినది. సహాయం కావాలంటే మా సంఘం ముందుగా ఒక ‘కమ్యూనికేషన్ స్ట్రాటజీ’ తయారు చేసుకుని, అందులోని గళ్ళు నింపి పంపాలట. టార్గెట్ ఆడియన్స్ ఎవరు? వారికి చెప్పదలచిన ముఖ్య సందేశం ఏమిటి? దానిని ఏ మాధ్యమం ద్వారా చేరవేస్తారు? చేరినదని ఎట్లా తెలుసుకుంటారు? ఇవీ ఆ గళ్ళు. సంఘంలో ఉన్న అయిదుగురిలో తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే. “మాస్టారూ, దీన్ని ముందు తెలుగులో పెట్టండి, నింపే సంగతి తర్వాత చూద్దాం” అని కాగితం నా చేతికిచ్చారు.

సహాయం మాట అటుంచి, మాకు మరొక తొందర ఉన్నది. పాఠకులు సంతకాలు చేసే పుస్తకంలో రోజుకు నాలుగైదుకు మించి సంతకాలు పడటం లేదు. అవి కూడా దినపత్రిక చూడవచ్చే మా వయసువాళ్ళవే. చదివేవాళ్ళు లేని గదిని ఇంకొక పనికి వాడుకుంటే తప్పేమిటన్న మాట ఊళ్ళో అప్పుడప్పుడు వినబడుతున్నది. ఆ మాట మీద కోపం తెచ్చుకుని ప్రయోజనం లేదు. దానికి జవాబు చెప్పగలగాలి.

అనువాదం మొదటి గడి దగ్గరే ఆగిపోయింది. టార్గెట్ అంటే లక్ష్యం, గురి. విల్లు పట్టినవాడు చూసేది. లక్ష్యానికి నోరుండదు. బాణం తగిలిందా తప్పిందా అన్నదొక్కటే అక్కడ ప్రశ్న. తగిలించుకున్నదానికి ఏమనిపించిందని ఎవరూ అడగరు. ద్రోణుడు పెట్టిన పరీక్షలో పిట్ట కన్ను తప్ప మరేమీ కనబడటం లేదన్న అర్జునుణ్ణి మనం తరతరాలుగా మెచ్చుకుంటున్నాము. విలువిద్యకు అది సరే. పాఠం చెప్పేవాడికి కన్నొక్కటే కనబడితే చాలదు. పిట్ట ఆకలి కూడా కనబడాలి. బడిలో మధ్యాహ్నం మూడో గంట కొట్టాక వ్యాకరణం చెప్పిన ప్రతి ఉపాధ్యాయుడికీ ఈ సంగతి తెలుసు.

‘లక్ష్య శ్రోతలు’ అని వ్రాసి కొట్టివేశాను. ‘ఉద్దిష్ట పాఠకులు’ అన్నాను. అది సర్కారు గెజెట్‌లాగా ఉన్నది. అప్పుడు గుర్తుకు వచ్చింది, ఈ ఫారంలో అడిగిన నాలుగు గళ్ళూ మా పూర్వులు ఎప్పుడో గీసి పెట్టుకున్నారని.

శాస్త్రగ్రంథం మొదలుపెట్టేవాడు ముందుగా నాలుగు విషయాలు తేల్చుకోవాలన్నది సంప్రదాయం. ఈ గ్రంథం ఎవరి కోసం? వాడు అధికారి. ఇందులో ఏమి చెప్పబోతున్నారు? అది విషయం. గ్రంథానికీ విషయానికీ ఉన్న ముడి ఏమిటి? అది సంబంధం. చదివినందువలన ఏమి ఒరుగుతుంది? అది ప్రయోజనం. ఈ నాలుగింటికీ కలిపి అనుబంధ చతుష్టయమని పేరు. భాషాప్రవీణ తరగతుల్లో దీనిని వల్లె వేసిన రోజుల్లో ఇది గ్రంథారంభంలో చేసే ఒక లాంఛనమనుకునేవాళ్ళం. ఈ ఫారం పక్కన పెట్టి చూస్తే, ఏ సంస్థ అయినా నోరు తెరిచే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు ఇవేనని తెలుస్తున్నది. సంబంధమన్న మాటను శాస్త్రకారులు బిగువైన అర్థంలో వాడారు. నేను దానిని కొంచెం సాగదీసి, చెప్పేదానికీ వినేవాడి బ్రతుక్కీ ఉన్న ముడి అన్న అర్థంలో వాడుకుంటున్నాను. పండితులు మన్నింతురు గాక.

ఇక్కడ నన్ను పట్టి నిలిపినది మొదటి మాట. ఫారం ‘గురి’ అన్న మనిషిని శాస్త్రం ‘అధికారి’ అన్నది. ఈనాడు అధికారి అంటే జీపులో వచ్చేవాడు. శాస్త్రంలో అధికారి అంటే ఆ గ్రంథం మీద హక్కున్నవాడు, దానిని పొందదగినవాడు. చెప్పేవాడి మర్యాదంతా ఆ మాటలో ఉన్నది. అయితే సంగతి పూర్తిగా చెప్పుకోవాలి. ఇదే మాటను తలుపు మూయడానికి కూడా వాడారు. వీరికి అధికారం లేదు, వారికి అధికారం లేదు అంటూ స్త్రీలను, శ్రమచేసే కులాలవారిని శతాబ్దాల తరబడి చదువు గుమ్మం బయట నిలబెట్టారు. మాట మంచిదే; దానిని పట్టుకున్న చేయి మూసిన చేయి. మన ప్రాంతంలో ఆ చేయి తెరిపించిన వాటిలో గ్రంథాలయోద్యమం ఒకటి. అందులో ఒక అధ్యాయం మా కాలువ మీదనే నడిచింది.

దుగ్గిరాల అంటే పసుపు అని బయటివారికి తెలుసు. పసుపు యార్డు ఉన్నది, ఊరి పేరుతో ఒక పసుపు రకమే ఉన్నది. కాని ఊరికి నీటివలన వచ్చిన ప్రాముఖ్యం కూడా తక్కువది కాదు. బెజవాడ దగ్గర కృష్ణమీద ఆనకట్ట 1855లో పూర్తయింది. సీతానగరం వైపునుంచి బయలుదేరిన పడమటి డెల్టా ప్రధాన కాలువ మా ఊరి లాకుల దగ్గరకు వచ్చి పాయలుగా విడిపోతుంది. కొమ్మమూరు కాలువ, నిజాంపట్నం కాలువ, బ్యాంకు కెనాలు అన్నీ ఇక్కడ చీలినవే. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలిసేది గనుక, ఒకప్పుడు ఇక్కడ పడవెక్కినవాడు నీటిమీదనే మద్రాసు చేరవచ్చు. ధాన్యం, ఉప్పు, కట్టెలు, పెళ్ళివారు, కోర్టు వ్యాజ్యాలకు పోయేవారు అందరూ కాలువ దారినే నడిచారు.

ఆ ప్రయాణం ఎంత నెమ్మదైనదో ఈ తరానికి ఊహకు అందదు. గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతుంటే పడవ నడిచేది. లాకు దగ్గరకు వస్తే తలుపులు మూసి, నీరు సమమట్టానికి వచ్చేదాకా ఆగాలి. మనిషి చేయడానికి ఏమీ లేక, దిగి పోవడానికి వీలు లేక, గంటల తరబడి కూర్చుని ఉంటాడు. పొగచుట్ట, పేకముక్క, ఊరి కబుర్లు. కబుర్లు అయిపోతే కునుకు.

ఆ కూర్చున్న మనిషిని చూసి, ఇతనికి పుస్తకం అందించవచ్చునని అనుకున్నవారు పాతూరి నాగభూషణంగారు. 1907లో మా దుగ్గిరాల మండలంలోనే ఉన్న పెదపాలెంలో పుట్టారు. అక్కడ సేవాశ్రమం పెట్టి, గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణనిచ్చారు. 1935 అక్టోబరులో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య నడిచే పడవమీద గ్రంథాలయం ప్రారంభించారు. ప్రయాణికులు దారిలో చదువుకుంటారు, దిగేటప్పుడు ఇచ్చివేస్తారు. తరువాతి కాలంలో ఆయన ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘానికి వెన్నెముకగా నిలిచి, 1987లో కన్నుమూశారు. ఆ పడవ సంగతి మాత్రం పెదపాలెం పక్క ఊళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

ఇది ఒక్కరికి హఠాత్తుగా తట్టిన ఆలోచన కాదు. దాని వెనుక ఇరవయ్యేళ్ళ సంఘటిత కృషి ఉన్నది. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధులంతా సమావేశమై, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. దానికి ప్రాణం పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. ‘గ్రంథాలయ సర్వస్వం’ అనే పత్రిక నడిపారు, గ్రంథాలయ యాత్రలు చేయించారు. ఇప్పటి బాపట్ల జిల్లాలోకి వచ్చిన వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పుట్టింది. ఆనాటి సంఘానికి స్ట్రాటజీ అన్న మాట అక్కరలేకపోయింది. ఎవరికి చెప్పాలో, ఎట్లా చెప్పాలో వారు కాలినడకన తిరిగి తెలుసుకున్నారు.

పక్క రాష్ట్రంలోనూ అదే కాలంలో ఇటువంటిదే జరిగింది. 1931లో తంజావూరు జిల్లా మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద పుస్తకాలు ఊరూరా తిప్పారు; దాని వెనుక ఎస్. ఆర్. రంగనాథన్‌గారి ఆలోచన ఉన్నది. పుస్తకం ఉన్నది వాడుకకే, ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం ఒకటి ఉంటుంది, పాఠకుడి కాలాన్ని వృథా చేయకూడదు అంటూ ఆయన సూత్రాలు ప్రకటించినది కూడా ఆ సంవత్సరమే. కావేరి డెల్టాలో బండి, నాలుగేళ్ళకు కృష్ణా డెల్టాలో పడవ. ఎక్కడి జనం ఎందులో ప్రయాణం చేస్తే పుస్తకం అందులోకి ఎక్కింది.

ఇప్పుడు ఆ పడవను మన నాలుగు గళ్ళలో పెట్టి చూద్దాం.

అధికారి ఎవరు? గ్రంథాలయం గదిలో ఉంటే అధికారి అంటే ఆ గడప ఎక్కగలిగినవాడు. గడప ఎక్కడానికి ధైర్యం కావాలి, తీరిక కావాలి, శుభ్రమైన బట్ట కావాలి, లోపలున్నవాడు ఎగాదిగా చూడడన్న నమ్మకం కావాలి. పడవ ఎక్కినవాడికి వీటిలో ఏ ఒక్కటీ అక్కరలేదు. పడవ ఎక్కినవాడల్లా అధికారే. కొత్తగా అర్హత సంపాదించమని ఎవరినీ అడగకుండా, ఉన్నవాడు ఉన్నచోటనే అర్హుడైనాడు. రాగల శ్రమ అంతా పుస్తకం మీద పెట్టారు, మనిషి మీద పెట్టలేదు. ఇదీ ఆ ప్రయత్నంలో నాకు కనబడిన అసలు విశేషం.

విషయం సంగతి. పడవలో చదివేవాడికి కాలం కొలిచి ఉంటుంది. దిగే రేవు వచ్చేలోపల పూర్తికావాలి, లేదా సగంలో ఆపినా ఏదో ఒకటి చేతికి దక్కాలి. నాలుగు వందల పుటల ప్రబంధవ్యాఖ్య అక్కడ పనికిరాదు. నా వంటి పండితుడికి ఇది మింగుడు పడని మాట. కాని ఏది గొప్ప పుస్తకమన్న ప్రశ్న వేరు, ఈ మనిషికి ఈ రెండు గంటల్లో ఏది గొప్ప పుస్తకమన్న ప్రశ్న వేరు. రెండవ ప్రశ్న వేసుకోని సంస్థ తన బీరువాను తానే మెచ్చుకుంటూ కూర్చుంటుంది.

ఇక సంబంధం. ఉపాధ్యాయ శిక్షణలో మొదటివారమే చెప్పే సూత్రం ఒకటున్నది: తెలిసినదాని నుండి తెలియనిదానికి పోవాలి. దీనిని మా ప్రాంతంలో అందరికంటె గొప్పగా ఆచరించి చూపినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. దుగ్గిరాల వారి ఇంటిపేరు; పుట్టినది మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినవారు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, 1921లో ఆ ప్రజలు ఇళ్ళు వదలి ఊరవతల రామనగరమని పేరు పెట్టుకున్న పాకల్లో నెలల తరబడి ఉన్నారు. వారిని నడిపించినవారు గోపాలకృష్ణయ్యగారు. స్వచ్ఛంద సేవకుల దళాన్ని తయారు చేసుకున్నప్పుడు ఆయన దానికి పెట్టిన పేరు రామదండు. కాషాయవస్త్రాలు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు. సహాయ నిరాకరణ అంటే ఏమిటో నేతగాడికి, రైతుకు ఉపన్యాసంతో బోధపరచవలసిన పని చాలావరకు తప్పిపోయింది. రాముడి దండు అంటే ఏమిటో, అందులో చేరినవాడు ఎట్లా నడుచుకోవాలో వారికి అప్పటికే తెలుసు. ఎడింబరోలో నేర్చినది తలలో ఉంచుకుని, ఎదుటివాడి ఇంట్లో ఉన్నదానితో మాట్లాడారు. సంబంధమంటే అది. ఆ పోలికలో అందరికీ సమానంగా చోటు దొరికిందా అని నేడు అడగవచ్చు, అడగాలి కూడా. ఒక సమూహానికి ఇంటిదైన మాట మరొక సమూహానికి పరాయిది కావచ్చు. అందువలననే సంబంధాన్ని ఒకసారి కట్టి వదిలివేయడానికి వీలులేదు. మనిషి మారినప్పుడల్లా మళ్ళీ కట్టుకోవాలి.

నాలుగవది ప్రయోజనం. చేరినదని ఎట్లా తెలుసుకుంటారని ఫారం అడిగిన ప్రశ్న ఇక్కడికి వస్తుంది. పడవలో ఒక సౌకర్యమున్నది. ఇచ్చిన పుస్తకం తిరిగి రావాలి. తిరిగి ఇచ్చే మనిషి ఊరకే ఇవ్వడు. బాగుందనో, అక్షరాలు చిన్నవనో, రెండో భాగం ఉందా అనో ఒక మాట అంటాడు. తిరుగు ప్రయాణంలో పడవ ఆ మాటలను మోసుకుని వస్తుంది. పోవడమే గాని రావడం లేనిదానిని మనం రాకపోకలు అనము. చాటింపుకూ సంభాషణకూ ఉన్న తేడా కూడా అంతే. చాటింపు వేసేవాడు డప్పు కొట్టి, చెప్పవలసింది చెప్పి, తరువాతి వీధికి పోతాడు. ఎవరేమన్నారో అతడికి పట్టదు. పట్టవలసిన అవసరమూ లేదు. నేటి సంస్థలు సంభాషణ పేరిట చేస్తున్నది చాలావరకు చాటింపే.

ఈ తిరుగు మాటకు కథలోపలే చోటు పెట్టిన కళ మన గుంటూరు సీమలో వర్ధిల్లింది. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఇద్దరుంటారు. ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. ఈ జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్‌గారు దానిని పతాకస్థాయికి తీసుకుపోయి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. హాస్యగాడు చేసే పని నవ్వించడమొక్కటే అనుకుంటాం. గమనించి చూడండి. సభలో వెనుక వరుసలో కూర్చున్నవాడికి వచ్చిన సందేహాన్ని అతడు పైకి అడుగుతాడు. అర్థం కాని మాట వస్తే “అదేమిటి?” అంటాడు. కథకుడు మరీ ఎత్తుకు పోతే కాళ్ళు పట్టి కిందికి లాగుతాడు. వినేవారి తరఫున వేదికమీద ఒక ప్రతినిధి ఉన్నాడన్నమాట. ఏ కార్యాలయంలోనైనా ప్రకటన వ్రాసేవాడి పక్కన అటువంటివాణ్ణి ఒకణ్ణి కూర్చోబెడితే, సగం కాగితాలు బయటికే రావు. వచ్చిన సగం జనానికి అర్థమవుతాయి.

ఇదంతా విన్నాక మా సంఘంలో చిన్నవాడైన సభ్యుడొకడు, ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్నవాడే, ఒక మాట అన్నాడు. “మాస్టారూ, మీరు చెప్పినదంతా బాగానే ఉంది. కాని పడవ ఎక్కడుందండీ ఇప్పుడు? ఆ ఖాళీ గంటలు ఎవరికున్నాయి? జేబులో ఫోనుంది, గంటలన్నీ అందులోకి పోయినయ్యి. మనం వాట్సాప్ గ్రూపు పెట్టి, రోజూ ఒక పుస్తకం బొమ్మ, నాలుగు మాటలు పంపుదాం.”

అతడన్న దానిలో నిజమున్నది. బస్సులు వచ్చి కాలువ ప్రయాణాన్ని తీసివేశాయి. ఫోను వచ్చి బస్సులోని తీరికను తీసివేసింది. నాగభూషణంగారు చూసిన ఆ కూర్చున్న మనిషి నేడు ఎక్కడ కూర్చున్నా తలవంచుకునే ఉన్నాడు. ఇక అతడు చెప్పినట్లు ఫోనే నేటి కాలువ అనుకుందాం. కాలువ మీద పడవలు వేలున్నాయి. అందులో మన పడవ ఎవరు ఎక్కుతారు? గ్రూపులో పంపిన సందేశానికి రెండు నీలి గీతలు పడతాయి. అవి కంటికి చేరినట్లు గుర్తు. మనసుకు చేరినట్లు గుర్తు కాదు. తిరిగి వచ్చే మాట ఏదీ? అని అడిగాను. “చెయ్యెత్తి దణ్ణం పెట్టే బొమ్మ వస్తుందండీ” అని నవ్వాడు. నేనూ నవ్వాను. కాని గ్రూపు వద్దనలేదు. ఒక్క షరతు పెట్టుకున్నాం: ముందు మనం పోయి మనుషులను చూసి వచ్చి, ఆ తరువాతనే గ్రూపులో ఏమి పంపాలో నిర్ణయించుకోవాలి.

ఊళ్ళో మనిషి ఇప్పటికీ ఎక్కడ ఎదురుచూస్తూ కూర్చుంటాడని ఆలోచిస్తే పసుపు యార్డు తోచింది. సరుకు అమ్మకానికి వచ్చే రోజుల్లో రైతు బస్తాలు దింపుకుని, వేలం అయ్యేదాకా, కాటా పడేదాకా ఉండవలసిందే. హమాలీలు లారీ కోసం ఆగుతారు. కొమ్ములూ కాయలూ వేరుచేసే ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నాలు తిని కాసేపు చెట్టుకింద కూర్చుంటారు. వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక చెక్కపెట్టెలో పాతిక పుస్తకాలు పెట్టుకుని అక్కడికి పోవడం మొదలుపెట్టాం. పసుపులో దుంపకుళ్ళు గురించిన చిన్న పుస్తకాలు, కథలు, పెద్దక్షరాల భారతం, పిల్లల బొమ్మల పుస్తకాలు. నేనొక అరగంట పైకి చదువుతాను. ఇష్టమున్నవారు వింటారు, లేనివారు నిద్రపోతారు. నా చదువుకు నిద్రపోవడం మా విద్యార్థులకు కొత్తేమీ కాదు.

రెండు వారాలు ఎవరూ పెట్టె ముట్టుకోలేదు. మూడోవారం ఒక పెద్దావిడ దగ్గరకు వచ్చి నిలబడింది. “మాస్టారూ, నాకెందుకండీ పుస్తకాలు, నాకు అచ్చరమ్ముక్క రాదు. మా మనవరాలు గ్రూపు పరీచ్చలకి చదువుతంది. తెనాలి పోయి కొనాలంటే వందలవుతున్నయ్యంట. అయ్యేమన్నా దొరుకుతయ్యా మీ కాడ?” అని అడిగింది. ఆవిడ వెనుకనే మరొకరు ఒక కాగితం తీశారు. బ్యాంకు పంపినది. అందులో ఏముందో చదివి చెప్పమన్నారు. చదివాను. ముప్పయి ఏళ్ళకు పైగా తెలుగు చెప్పినవాడికి కూడా ఆ తెలుగు రెండుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. తేదీలోపల ఒక సంతకం చేసిరావాలన్నదే దాని సారాంశం. ఆ ఒక్క ముక్క చెప్పడానికి పుటన్నర వ్రాశారు. ఆ కాగితం వ్రాసినవారి దగ్గర హాస్యగాడు లేడు.

అప్పటినుంచి మా పెట్టెలో పుస్తకాలు మారాయి. పోటీపరీక్షల పుస్తకాలు వచ్చాయి. వాటిని అడిగిన నాయనమ్మలూ అమ్మమ్మలూ చదవరు, తీసుకుపోయి ఇస్తారు, తిరిగి తెస్తారు. మా పాఠకులు ఎక్కడో గదుల్లో కూర్చుని చదువుతున్న ఆడపిల్లలని, వారి దగ్గరకు దారి పసుపు ఏరే చేతుల మీదుగా ఉన్నదని ఏ గడి నింపినా మాకు తెలిసేది కాదు. వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాడు మా చిన్న సభ్యుడు. అందులో ఇప్పుడు ఏ పుస్తకం పెట్టెలో ఉన్నదో ఆ పిల్లలే అడుగుతున్నారు. మాటలు రెండువైపులా నడుస్తున్నాయి గనుక దానిని కూడా పడవ అనడానికి నాకు అభ్యంతరం లేదు. సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు గ్రంథాలయం గదికే వచ్చి చదువుకుంటున్నారు. సంతకాల పుస్తకంలో కొత్త చేతివ్రాతలు కనబడుతున్నాయి. ఇది పెద్ద విజయమని చెప్పను. గదిని గురించి ఊళ్ళో మాట ఆగిపోలేదు. కాని ఆ మాట అన్నవారిలో ఒకరి మనవరాలు కూడా ఇప్పుడు ఆ గదిలోనే కూర్చుంటున్నది.

ఫారం నింపి పంపాము. టార్గెట్ ఆడియన్స్ ఉన్నచోట ‘అధికారులు’ అని వ్రాస్తే తహశీల్దారుగారనుకుంటారని మిత్రులు వారించారు. చివరకు ‘ఈ గ్రంథాలయం ఎవరి హక్కో వారు’ అని వ్రాశాను. కింద వరుసగా: పరీక్షలకు చదువుకుంటున్న ఆడపిల్లలు, వారికి పుస్తకం మోసుకుపోయే పెద్దవాళ్ళు, కాగితం చదివి చెప్పేవారు కావలసినవారు, యార్డులో ఎదురుచూసే రైతులు, దినపత్రిక కోసం వచ్చే మా వంటి ముసలివాళ్ళు. ముఖ్య సందేశం అన్న గడిలో ‘ఏమి కావాలి?’ అన్న రెండు మాటలే వ్రాశాము. గడి చాలా పెద్దది. చాలావరకు ఖాళీగా మిగిలింది. మాధ్యమం: చెక్కపెట్టె, నోరు, ఫోను. చేరినదని ఎట్లా తెలుస్తుంది: తిరిగి వచ్చిన పుస్తకాన్నిబట్టి, దానితో వచ్చిన మాటనుబట్టి.

జవాబు ఇంకా రాలేదు. వస్తే బీరువా వస్తుంది, రాకపోతే చెక్కపెట్టె ఉండనే ఉన్నది.

మిత్రులకు ఒక మనవి. మీలో చాలామంది ఊరికి దూరంగా, కొందరు దేశానికి దూరంగా ఉన్నారు. అయినా మీ ఊరు మీకు తెలుసు. అక్కడ జనం ఈనాటికీ ఎక్కడ కూర్చుని, దేనికోసం ఎదురుచూస్తారు? ఆసుపత్రి వరండాలోనా, రేషను దుకాణం ముందా, పాలకేంద్రం దగ్గరా? గుర్తుకు వచ్చినంతవరకు వ్రాయండి. ఏ ఊళ్ళో పెట్టె ఎక్కడ పెట్టాలో తెలిస్తే, అక్కడ దానిని మోసుకుపోయేవారిని వెతకడం అంత కష్టం కాదు.